బొట్టు పెట్టి పిలవాల్సిన రెండిళ్లు

డెబ్బైల చివర్లో మా చెల్లెలి పెళ్లి కుదిరింది. వరుడిది నంద్యాల, పెళ్లి మాత్రం మా ఊరు ఆళ్లగడ్డ చర్చిలో. నేనప్పుడు నంద్యాల నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. బస్సెక్కి ఇంటికొచ్చేసరికి నాయన పిలుపుల జాబితా రాస్తున్నాడు. అందరి పేర్లూ రాసి, చివర రెండు వరుసలు ఖాళీగా వదిలాడు.

శిరివెళ్ల దగ్గర ఆయన బడిపంతులుగా ఉన్న ఊళ్లో రెండు పెద్ద ఇళ్లున్నాయి. ఆ వరుసలు వాళ్లవి. రెండిళ్ల మగవాళ్లూ ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. వాళ్ల మధ్య పగ. ఆ వేసవిలో జాతరలో కొట్టుకుని ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు. ఆ వార్త పంపింది నేనే. ఒక ఇంటిని పిలిచి ఒకటి మానేస్తే మాకు పగవాళ్లు తయారవుతారు. రెండూ మానేస్తే నాయన ఆ ఊళ్లో పాఠం చెప్పలేడు. రెండూ పిలిస్తే చెల్లెలి పెళ్లి పందిట్లో ఎదురుపడతారు.

"మగోళ్లకు కార్డులియ్యొద్దు," అంది అమ్మ. "ఆడోళ్లను నేను పిలుస్తా. ఆడోళ్లొస్తే ఆ ఇల్లు వచ్చినట్లే."

"బొట్టు పెట్టకుండా పిలిస్తే వాళ్లకది పిలుపేనా? మనం పెట్టం గదా," అన్నాడు నాయన.

అమ్మ పక్కింటామెను వెంటబెట్టుకుంది. ఆమె చేతిలో కుంకుమ భరిణె, నా చేతిలో పండ్ల బుట్ట.

మొదటి ఇంట్లో పక్కింటామె ఆడవాళ్లకు బొట్టు పెట్టింది, అమ్మ పండ్లిచ్చి పిలిచింది. అరుగు మీదున్న ఒకాయన నన్ను చూసి, "ఏం పేపరప్పా, ఇది గూడా రాస్తాండావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెండో ఇంట్లో ఇల్లాలు, భరిణె తెరవగానే ముఖం వెనక్కి తీసుకుంది.

"పెండ్లి ఎవురింట్లో అక్కా?"

"మా ఇంట్లోనే."

"మరి ఈయమ్మ పెడ్తాదేంది బొట్టు? పిలిచేది నువ్వా, ఈయమ్మా?"

వాకిట్లో మాట్లాడుకుంటున్న మగవాళ్లు ఇటు తిరిగారు. అమ్మ చెయ్యి భరిణె దాకా పోయింది. జీవితంలో ఎన్నడూ కుంకుమ ముట్టని చెయ్యి. అక్కడే కాసేపు నిలిచి వెనక్కి వచ్చింది.

"ఇప్పుడే ఆ ఇంట్లో ఈయమ్మ చేతే పెట్టించినా చెల్లీ. ఈడ నా చేత్తో పెడితే రేపు ఆడ అడుగుతారు. నా బిడ్డ పెండ్లికి మీ రెండిళ్లకూ నేనే కొత్త తగువు పెట్టినదాన్నయితా."

అవతలి ఇంటి మాట ఆ వాకిట్లో ఎవరైనా ఎత్తగా అంతకుముందెన్నడూ నేను వినలేదు. ఇల్లాలు పండ్ల బుట్ట వైపు చూసింది.

"ఆడ ఎన్ని పండ్లిచ్చినావ్?"

"ఆరు."

"ఈడ?"

"ఆరే. లెక్కపెట్టుకో."

"అయివారి పెండ్లానివి గదా, లెక్క తప్పవులే," అని ఆమె నుదురు ముందుకు వంచింది.

పెళ్లిరోజు చర్చి వీధికి ఆ చివర ఒక జీపు, ఈ చివర ఒక జీపు ఆగాయి. ఆడవాళ్లు దిగి లోపలికొచ్చారు. మగవాళ్లు జీపుల్లోనే ఉండిపోయారు. రెండిళ్ల వాళ్లూ ఆడవాళ్ల వైపు చాపల మీద, మధ్యలో నాలుగు వరుసలు వదిలి కూర్చున్నారు. ఈ పెళ్లికి అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలని పాస్టరు అడిగినప్పుడు నేను వీధి వైపు చూస్తున్నాను.

భోజనాలయ్యాక ఒక జీపు శిరివెళ్ల దారి పట్టింది. రెండోదీ పోవాల్సింది ఆ దారినే, వెంటనే కదిలితే దారిలో కలుస్తారు. ఇల్లాలు ఎక్కి కూర్చున్నా అది కదల్లేదు. అమ్మ చర్చి గేటు దగ్గరే నిలబడింది. మొదటి జీపు లేపిన దుమ్మంతా అణిగిన తర్వాత, చాలాసేపటికి, ఆ జీపు కూడా మెల్లగా బయల్దేరింది.

అది మలుపు తిరిగాక అమ్మ లోపలికొచ్చి, ఖాళీ అయిన పంక్తిలో ఒక్కతే కూర్చుంది.

"నాకూ ఒక విస్తరెయ్యండి," అంది.