కాలువలో కిలోమీటరున్నర

మొన్న ఆదివారం మా బావను చేజేతులా సాగర్ కాలువకు అప్పజెప్పబోయిన. నవ్వకండి, ముందు వినండి.

మాది మిర్యాలగూడ. కోదాడల ఉండే మా అక్క, బావను నా దగ్గరికి పంపింది. మనిషి భారీ, మోకాళ్ల నొప్పులు. డాక్టరేమో ఉరుకుడొద్దు, దుంకుడొద్దు, నడిస్తే చాలు, కీళ్ల మీద బరువు పడదన్నడట. ఇంట్ల ఉంటే కుర్చీ దిగడు, నీతోని తిప్పురా అన్నది అక్క. నేను రోజూ నడిచేటోన్ని, కనిపించినోళ్లందరికీ నడక గొప్పతనం చెప్పి సతాయించేటోన్ని. ఇగ ఊకుంటనా?

సిమెంటు రోడ్డు మోకాళ్లకు గట్టిగ తగుల్తదని నాకో తెలివి పుట్టింది. ఊరి బయట కాలువకు నీళ్లు బందై పదిరోజులైంది. అడుగున మెత్తటి ఇసుక, లారీలు లేవు, కుక్కలు లేవు. ఫోన్లు ఇంట్ల పెట్టి, మెట్లున్న కాడ దిగినం. నొప్పే తెలుస్తలేదని బావ సంబురపడ్డడు. నాకింకా జోరొచ్చింది.

కిలోమీటరున్నర పోయినంక బూట్లు తడిసినయ్. ఊటేమో అనుకున్న. రెండు నిమిషాలల్ల నీళ్లు పిక్కల దాక వచ్చినయ్. అప్పుడు యాదికొచ్చింది, ఆ ఆదివారమే నీళ్లు వదుల్తరని పేపర్ల వేసిండ్రు. నేనే చదివిన, నేనే మర్చిపోయిన.

మెట్లు ఎక్కడో వెనక. పక్కన ఏటవాలు సిమెంటు గోడ, నిండా పాకురు. బావను పైకి నూకితే జారి నా మీదనే పడ్డడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. నీళ్లు మోకాళ్లు దాటినయ్. అక్కకు ఏం జవాబు చెప్పాలె? నిజంగ భయమైంది.

"ఏవయ్యా, నీకు ఈతొచ్చా?" అన్నడు బావ.

"నడుసుడొక్కటే వచ్చు బావా" అన్న.

ఇద్దరం గొంతు చించుకున్నం. కట్ట మీద మేకలు కాసే ముసలమ్మ వచ్చి చూసింది. ఆకు తెంపే పొడుగు కర్ర కొక్కాన్ని తుమ్మచెట్టు మొదట్ల తగిలించి, రెండో కొస మా దిక్కు జార్చింది. ముందు బావ, కింద నా భుజం. తర్వాత నేను. చేతులు, మోచేతులు, మోకాళ్లు, అన్నీ వాడి పాకినం.

కాలువల ఏం పని మీకని అడిగింది ముసలమ్మ. మోకాళ్ల కోసం నడుస్తున్నమని చెప్పిన. ఆమె మమ్మల్ని పైనుంచి కిందిదాక చూసింది.

"నడిసెటోళ్లకు బాట లేదా బిడ్డా?"

చూస్తే కట్ట పొడుగునా మట్టి బాట ఉంది. మెత్తగ, చదునుగ.

ఇంటికొచ్చి తుడుసుకుంటుండంగనే అక్క ఫోన్. బావ ఎంత నడిచిండు, రేపు కూడా తీస్కపోతవా అని. ఫోన్ బావకిచ్చి, తడి బూట్లు విప్పుకుంట కూసున్న. బావ నన్నే చూసుకుంట నింపాదిగ అన్నడు.

"డాక్టర్ చెప్పింది నిజమేనే. నడక నా ఒంటికి బాగానే పడింది. మీ తమ్ముడే పడట్లేదు."