ఎరుపు పోతే చాలు

నేను ఒక మనిషి తోటను ఆకాశంనుంచి కూల్చాను. బాంబు వెయ్యలేదు, సంతకం పెట్టానంతే. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది.

ఎనభైల్లో యానాంనుంచి పాండిచ్చేరి వచ్చి, ఊళ్లో కట్టడాలకు అనుమతులిచ్చే ఆఫీసులో చేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఆఫీసరు రంగెరగడని నేను నిరూపించాను. ఉపగ్రహం తీసిన ఊరి ఫొటో ఒకటి నా చేతికిచ్చి, దొంగ కట్టడాలు పట్టుకోమన్నారు. లాస్‌పేటలో ఒక మూలంతా బూడిదరంగు, మధ్యలో ఒక్కటే ఎర్రటి మచ్చ. ఎరుపంటే పెంకులు, పెంకులంటే ఇళ్లు. ఇంత తెలివి మా వంశంలో ఎవరికీ లేదని మురిసిపోయి, సైకిలెక్కి వెళ్లి చూడకుండానే నోటీసు పంపాను. వారంలోగా కట్టడం తొలగించాలి.

మూడోరోజున ఆ స్థలం యజమాని ఆఫీసుకొచ్చాడు. మునిసామి నాయుడు, తరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగాయన.

“ఇండ్లు యాడుండాయి సార్? ఉండేదంతా ముంతమామిడి చెట్లే. నా పెండ్లాం నాటింది.”

“మీరు కిందనుంచి చూస్తారు తాతగారూ. మేం పైనుంచి చూస్తాం.”

“పైనుంచి చూస్తే చెట్టు ఇల్లయిపోతాదా?”

“ఇదిగో, ఎర్రగా కనబడ్డం లేదూ?”

ఆయన ఫొటోను చాలాసేపు చూశాడు. “ఈ ఎరుపు పోవాల. అంతేనా సార్? అది పోతే నా నేల జోలికి రారు గదా?”

“రాము,” అన్నాను, చక్రవర్తిలా.

వారం తిరక్కుండా మద్రాసునుంచి ఈ ఫొటోలు చదవడం తెలిసినాయన వచ్చాడు. నా ఎర్రమచ్చ చూపించి మెప్పుకోసం నిలబడ్డాను.

“అది తోటండీ. ఇందులో పచ్చదనం ఎర్రగా పడుతుంది. ఈ బూడిదరంగువే ఇళ్లు.”

అనుమతిలేని ఇళ్లన్నిటినీ వదిలేసి, వాటిమధ్య మిగిలిన ఒక్క తోటకు నోటీసిచ్చానన్నమాట. సైకిలెక్కి లాస్‌పేటకు పరుగుతీశాను. నాయుడు మొద్దుమీద కూర్చునున్నాడు. కొడుకులు కొమ్మలు బండికెత్తుతున్నారు.

“ఎరుపు పోయింది సార్. ఇప్పుడు సూడండి పైనుంచి.”

తప్పు నాదేనని చెప్పడానికి వెళ్లినవాణ్ని, తలూపి వచ్చేశాను.

మరుసటేడు కొత్త ఫొటో వచ్చింది. చెట్లు పోయిన నాయుడి ఉత్త నేల కూడా ఇళ్లలాగే బూడిదరంగులో పడింది. మా పెద్దాఫీసరు దానిమీద వేలుపెట్టాడు.

“ఇక్కడెవరో కొత్తగా కట్టేసినట్టున్నారే. నోటీసు పంపవయ్యా.”

నోరువిప్పితే పాత తప్పు బయటపడుతుంది. సంతకం పెట్టాను.

ఆరోజే సకల దేవతల సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ పైనుంచి చూసి కిందివాడికి నోటీసివ్వను. రిటైరైన రోజునుంచీ ఒక్కసారి కూడా తప్పలేదు.