చిట్టిబాబు పొట్టలో పులుపు

2022 శివరాత్రికి ముందు రోజులవి. మార్టూరు దగ్గర ఒక ఊళ్ళో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. మిరపకోతలు ఎంత ముమ్మరంగా ఉన్నా, ఆ రోజుల్లో మా వైపు నలుగురు చేరితే ఎడ్ల పందేల మాటే. తిరునాళ్ళలో ఒంగోలు గిత్తల జతతో పెద్ద గ్రానైట్ బండను లాగిస్తారు. ఇచ్చిన టైములో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. ఆ గిత్తలకు జరిగే మర్యాదలు కొత్తల్లుళ్ళకు కూడా జరగవు. ఉలవలు, నానబెట్టిన శనగలు, ఖర్జూరాలు, ఒంటికి మాలిష్. ఎండలో తిరిగి తిరిగి వచ్చి వాటిని చూస్తే నాకు నిజంగానే కుళ్ళుగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఆ ఊరి రైతు కోటేశ్వరరావు గారు ఫోన్ చేసి, చిట్టిబాబు మేత ముట్టడం లేదని చెప్పారు. చిట్టిబాబంటే వాళ్ళ పిల్లవాడు కాదు, మనిషెత్తున్న తెల్ల గిత్త. పందెం ఇంకో వారంలో ఉంది.

వెళ్ళేసరికి గిత్త తల వేలాడేసి, పళ్ళు నూరుతూ నిలబడి ఉంది. అడుగు వేయమంటే కాళ్ళు బిగుసుకుపోతున్నాయి. ఆయన కొడుకు శివ డిగ్రీ అయిపోయి జిమ్‌కి వెళ్తుంటాడు. నేను బ్యాగు దించకముందే జబ్బేమిటో తేల్చేశాడు.

“నిన్న పొద్దున బండ కట్టి లాగించాం మేడం. కండల్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది. జిమ్‌లో లెగ్స్ చేసిన మర్నాడు నాకూ ఇట్టాగే అవుద్ది.”

తెల్లారినప్పటి నుంచి గిత్త కాళ్ళకు నూనె రాసి రాసి అతని అరచేతులు ఎర్రబడ్డాయి. నవ్వు వచ్చింది కానీ, లోపలికి పోయిన గిత్త కళ్ళు చూసి ఆపుకున్నాను.

శివ మాటలో కొంత నిజం లేకపోలేదు. కండలు మితిమీరి కష్టపడినప్పుడు వాటిలో లాక్టిక్ యాసిడ్ పెరుగుతుంది. అయితే కాసేపు ఆగి ఊపిరి తీసుకుంటే రక్తం దాన్ని అక్కడి నుంచి తీసుకుపోతుంది. మర్నాటిదాకా మిగలదు. మర్నాడు పట్టేసే నొప్పి, కండ కొద్దిగా దెబ్బతిన్నందువల్ల వచ్చేది.

గిత్త ఎడమ డొక్కలో పిడికిలితో నొక్కి చూశాను. నీళ్ళకుండ కదిలినట్టు లోపల చప్పుడైంది. పేడ నీళ్ళలా పడుతోంది, పుల్లటి వాసన. తిండిలోనే తేడా జరిగిందని నాకు అనుమానం వచ్చింది. ఏం పెట్టారని అడిగితే, కోటేశ్వరరావు గారు, ఆయన తల్లి ఆదెమ్మ గారు, శివ ముగ్గురూ ఒకే మాటన్నారు, రోజూ పెట్టేదేనని.

గొట్టం వేసి రూమెన్‌లోంచి కొంచెం ద్రవం తీశాను. రూమెన్ అంటే పశువు మొదటి పొట్ట. గడ్డిని పులియబెట్టి అరిగించే సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. పులుపును రంగుతో చూపించే pH పేపర్‌ను ఆ ద్రవంలో ముంచగానే లోపల పులుపు మితిమీరిందని తేలిపోయింది. లాక్టిక్ యాసిడ్ ఉంది, కానీ శివ చెప్పిన చోట కాదు. ఒక్కసారిగా అన్నం, పిండి ఎక్కువగా పడితే పొట్టలోనే ఆ యాసిడ్ కుప్పలుగా తయారై రక్తంలోకి ఎక్కుతుంది. దీన్ని అసిడోసిస్ అంటాం. ప్రాణం తీసే జబ్బు.

నాకు కోపం వచ్చింది. ఉన్నది చెప్పకపోతే గిత్త దక్కదని గట్టిగానే అన్నాను. ముందుగా ఆదెమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“నిన్న మనవరాలి ఓణీల ఫంక్షన్ గదమ్మా. మిగిలిన బువ్వ పారబోయటానికి చేతులు రాలా. పరమాన్నం కూడా కలిపి పెట్టా.”

కోటేశ్వరరావు గారు తల్లి వంక ఆశ్చర్యంగా చూసి, బండ లాగి అలిసొచ్చాడని తానూ జొన్నపిండి ముద్దలు పెట్టానన్నారు. శివ నేల చూపులు చూస్తూ, ఉలవలు రెట్టింపు పోశానన్నాడు. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియదు. ముగ్గురి ముద్దూ కలిసి చిట్టిబాబు పొట్టలో పడింది.

గొట్టంతో పొట్ట కడిగాను. పులుపు విరగడానికి తినేసోడా కలిపిన నీళ్ళు పోసి, నరానికి సెలైన్, బైకార్బొనేట్ ఎక్కించాను. తర్వాత దాని జత గిత్త పొట్టలోంచి బకెట్‌లోకి ద్రవం తీసి దీని పొట్టలో పోశాను, మంచి సూక్ష్మజీవులు మళ్ళీ పెరగాలి కదా. ఆ బకెట్ పట్టుకున్న శివ ముఖం చూడాల్సిందే.

“బతుకుద్దా తల్లీ?” అన్నారు ఆదెమ్మ గారు.

రేపటికి నెమరు వేస్తే గండం గడిచినట్టేనన్నాను. కోటేశ్వరరావు గారు పందెం ఊసే ఎత్తలేదు. ఆయన మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

మర్నాడు వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ చిట్టిబాబు ముందు గొంతుక్కూర్చుని దాని నోటికేసి చూస్తున్నారు. నేనూ కూర్చున్నాను. చాలాసేపటికి గొంతులోంచి ముద్ద ఒకటి పైకొచ్చింది, దవడ మెల్లగా కదిలింది. ఆదెమ్మ గారు ఏడ్చేశారు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఈసారి పందెం వద్దని చెప్పబోయేలోపే కోటేశ్వరరావు గారు అందుకున్నారు.

“పందెం వచ్చే ఏడూ ఉంటదమ్మా. వీడుండాలి గదా.”

ఆ రోజు నుంచి, మేత మానేసిన పశువును చూడ్డానికి వెళ్తే ఇంట్లో అందర్నీ కలిపి అడగడం మానేశాను. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, నీ చేత్తో ఏం పెట్టావని అడుగుతాను. దాన్ని అందరికంటే ఎక్కువగా ముద్దు చేసే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్ళనే ముందు పిలుస్తాను.