పర్వా అంటే ఎల్లుండి

ఆ రోజుల్లో అప్పుకు ఒక ముఖం ఉండేది. ఇప్పటి పిల్లలు కార్డు గీకి వస్తువు తెచ్చుకుంటారు. కట్టలేకపోతే ఏదో ఊరినుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేస్తుంది, వీళ్ళు ఫోన్ కట్ చేసి అన్నం తింటారు. మాకు ఆ సౌకర్యం లేదు. ఇచ్చినాయన బజారు మధ్యలో గద్దె మీద కూర్చుని ఉండేవాడు. మనం ఉప్పుకు పోయినా మందుకు పోయినా ఆయన ముందునుంచే పోవాలి. పైగా ఆయన పిలిచి, మీ అమ్మ ఆరోగ్యం ఎట్లుందని అడిగేవాడు. బాగానే ఉందని చెప్పడం ఎంత కష్టమో బాకీ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. సిరొంచలో నాకు ఆ కష్టం ఒక సైకిలు వల్ల వచ్చింది.

మాది సిరొంచ తాలూకాలో అంకిస, వరి పండించుకునే ఇల్లు. మా తాలూకాను ఏ రాష్ట్రంనుంచి తీసి ఏ రాష్ట్రంలో కలుపుతున్నారో మాకే సరిగా అంతుపట్టని కాలం అది. నా చదువేమో గోదావరి అవతల మహదేవపూర్‌లో మేనమామ ఇంట్లో సాగింది. కొంత ఉర్దూ, కొంత తెలుగు, ఎక్కువ భాగం గోలీలాట. పద్దెనిమిదేళ్ళకు సిరొంచ వచ్చి, అక్క ఇంట్లో దిగి, ఒక గుత్తేదారు టేకు డిపోలో దుంగల మీద నంబర్లు వేయించే పనిలో చేరాను. జీతం నెలకు ముప్పై రూపాయలు. ఊళ్ళో చాలామందికి మరాఠీ వచ్చు. అక్కకు ఇరుగుపొరుగు వల్ల గలగలా వచ్చు. నాకు రాదు, రాదని ఒప్పుకునే గుణమూ లేదు. మా బావ దర్జీ. ఇంటి అరుగు మీద కుట్టు మిషన్ ఉండేది, అది తిరిగితేనే లోపల పొయ్యి వెలిగేది. నోట్లో గుండీలు పెట్టుకుని పనిచేసే అలవాటు వల్లనో ఏమో, బావ అవసరమైతే తప్ప మాట్లాడేవాడు కాదు.

వార్ధా వైపునుంచి కొత్తగా వచ్చిన ఒక సేటు బజారులో సైకిళ్ళ దుకాణం పెట్టాడు. ఆయనకు తెలుగులో పది మాటలు వచ్చు, నాకు మరాఠీలో పది మాటలు వచ్చు. వ్యాపారానికి ఆ ఇరవై చాలనుకున్నాం. దుకాణం ముందు నల్లటి సైకిలు ఒకటి స్టాండు వేసి ఉండేది. డిపోకు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాని ముందు నిలబడేవాణ్ణి. (ఇంటినుంచి పిలిస్తే డిపోలో పలకవచ్చు, అంత దూరం. ఆ సంగతి అప్పట్లో ఎవరితోనూ అనేవాణ్ణి కాదు.) కొంత ముందు కట్టి, మిగతాది నెలకు పది రూపాయల కిస్తు మీద తీసుకోవచ్చునన్నాడు సేటు, ఎవరైనా జామీను ఉంటే. బావను అడిగాను. ఆయన గుండీలు చేతిలోకి ఉమ్ముకుని నన్ను కాసేపు చూసి, "నడువు" అన్నాడు. వీడు కట్టకపోతే నా మిషన్ తీసుకపోండ్రి అని సేటుకు మరాఠీలో మాటిచ్చాడని తర్వాత తెలిసింది. ఆ మాట నడుస్తున్నంతసేపూ నేను హ్యాండిల్ పట్టుకుని గంట ఎక్కడ బిగించాలా అని చూస్తున్నాను.

రెండు కిస్తులు సరిగానే కట్టాను. కానీ గంట ఉన్న సైకిలుకు డైనమో లైటు లేకపోతే ఏం బాగుంటుంది. లైటు తర్వాత క్యారియరు, క్యారియరు తర్వాత సీటుకు కుచ్చుల గుడ్డ. అన్నీ సేటే ఇచ్చాడు, అన్నీ ఉద్దెర మీదే. ఇంతలో వానలు పడ్డాయి. వానలు పడితే అడవి పని బంద్. బండ్లు నడవవు, దుంగలు రావు. గుత్తేదారు "దసరా ఎల్లినంక రాండ్రి" అని మాకు చెప్పి తాను నాగపూర్ పోయాడు. ఏటా ఇలాగే జరుగుతుందని డిపోలో అందరికీ తెలుసు, నాకూ చెప్పారు. సైకిలు కొనేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఒక కిస్తు చాయ్ హోటలాయన దగ్గర చేబదులు తెచ్చి కట్టాను. దాంతో సేటు ఉండే బజారుతోపాటు హోటలు సందు కూడా నాకు మూసుకుపోయింది. పదిమంది చూడాలని కొన్న సైకిలును పదిమంది కంట పడకుండా తిప్పాల్సి వచ్చింది. గంట మోగకుండా రుమాలు చుట్టి, ఊరి వెనక పొలం గట్ల మీదుగా, బురదలో చక్రాలు తిరగనప్పుడు భుజాన వేసుకుని పోయేవాణ్ణి. అంకిసనుంచి వస్తున్న మా నాన్న ఒకనాడు గట్టు మీద ఎదురై, "గిదేంది బిడ్డా, నువ్వు దాన్ని కొన్నవా, అది నిన్ను కొన్నదా?" అని అడిగాడు. "వానకు చెయిన్ కరాబైతది బాపు" అన్నాను. బాపు వెనకచక్రం పట్టుకుని గట్టు దాటించాడు.

చివరికి అంగడి రోజు వంకాయల బేరం చేస్తుండగా సేటు చేయి భుజం మీద పడింది. "పైసే నాహీ, కామ్ నాహీ" అన్నాను. నాకున్న మరాఠీ అక్కడికి అయిపోయింది. సేటు నన్ను పైనుంచి కిందికి చూసి, నిట్టూర్చి, భుజం తట్టి, "బరఁ. పర్వా ద్యా" అని గొడుగు వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను అక్కడే నిలబడి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. బరఁ అంటే సరే. పర్వా కూడా నాకు తెలిసిన మాటే. తెలుగులో పర్వాలేదు అంటాం, ఉర్దూలో పర్వా నహీ అంటాం. ఇక ద్యా అంటే దయ, అందులో అనుమానమే లేదు, మరాఠీవాళ్ళు కొంచెం గట్టిగా పలుకుతారు అంతే. పర్వాలేదు, దయ తలుస్తున్నాను అంటున్నాడు సేటు. ఎంత మంచివాడు, నేనే ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నాను అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రమే రుమాలు విప్పేసి, గంట కొట్టుకుంటూ బజారు నడుమనుంచి పోయాను. సేటు దుకాణం ముందు ఆగి వంగి నమస్కారం పెట్టాను. ఆయనా సంతోషంగా తలాడించాడు. (వీడికి ఎక్కడో డబ్బు దొరికింది అనుకున్నాడట.)

ఇంటికొచ్చి, "సేటు మాఫ్ చేసిండు బావా" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తమే. దయగల్ల మనిషి."

బావ నమ్మాడు. అబద్ధం చెప్పని మనిషి కాబట్టి ఎదుటివాళ్ళనూ అలాగే నమ్మేవాడు. నాకు తెలియని సంగతి ఏమిటంటే, నేను కట్టలేనని చూసి ఆయన కుట్టుకూలిలో కొంత కొంత తీసి కిస్తు కోసం దాచిపెట్టాడు. ఇక అవసరం లేదు కదా అని మర్నాడు ఆ డబ్బుతో అక్కకు చీర తెచ్చాడు. పండుగ కాని రోజున ఆయన అక్కకు చీర తేవడం అదే మొదలు. అక్క రెండుసార్లు వద్దని, మూడోసారి కట్టుకుంది.

ఆ మరుసటి రోజు పొద్దున్నే సేటు వచ్చాడు, వెంట ఇద్దరు హమాలీలు. అరుగు నిండా దసరాకు కుట్టాల్సిన గుడ్డలు కత్తిరించి ఉన్నాయి. సేటూ బావా మరాఠీలో ఏదో మాట్లాడుకున్నాక, బావ నా వైపు తిరిగాడు.

"అంగట్ల సేటు ఏమన్నడు? ఆయనన్న మాటనే చెప్పు."

"పర్వా ద్యా అన్నడు."

అక్క చేతిలో చెంబుతో గడపలోకి వచ్చింది. "మల్లొకసారి చెప్పు తమ్మి."

మళ్ళీ చెప్పాను.

"పర్వా అంటే ఎల్లుండి. ద్యా అంటే ఇయ్యుండ్రి. ఎల్లుండి ఇయ్యుమన్నడు నిన్ను. గా ఎల్లుండి ఇయ్యాల్నే."

అని గడప మీద కూలబడి నవ్వింది. కొత్త చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనేమనుకున్నానో ఆమె మరాఠీలో విడమరిచి చెప్పేసరికి సేటూ నవ్వాడు, హమాలీలూ నవ్వారు. నేనూ నవ్వబోయి బావను చూశాను. ఆయన మిషన్ మీది గుడ్డలను ఒక్కొక్కటి మడిచి పక్కన పెడుతున్నాడు. సేటు అడగకముందే మిషన్ ఖాళీ చేసి ఇస్తున్నాడు. అక్క నవ్వు ఆగిపోయింది. నాకు అంత సిగ్గు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

"జర ఆగు బావా," అన్నాను. "అక్కా, నేను చెప్పింది సేటుకు మరాఠీల చెప్పు."

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిదంతా. దసరా దాకా పని లేదు, చేతిలో పైస లేదు, చాయ్ హోటలుకు కూడా బాకీ ఉన్నాను, మొహం చెల్లక పొలాల వెంట తిరిగాను, పని దొరికాక కూడా నెలకు పది కట్టలేను, ఐదైతే కట్టగలను. నేను ఒక మాట అంటే అక్క పది మాటలు చెప్పేది. అనుమానమొచ్చి అడిగితే, "నువ్వు చెప్పిందే చెప్తున్న, జర ఉప్పుకారం ఏస్తున్న" అంది. (గాడిదే గాని బరువు మోసే గాడిద, నమ్మొచ్చు అని చెప్పిందట.) సేటు అంతా విని అరుగు మీద కూర్చున్నాడు. ఈ ముక్క రెండు నెలల కిందనే చెప్పొచ్చు గదా, తప్పించుక తిరిగేటోనితో నేనేం మాట్లాడుదు అన్నాడు. తనకూ నాగపూర్‌లో బాకీలున్నాయని, అక్కడివాళ్ళకు మరాఠీ బాగా వచ్చని కూడా అన్నాడు.

ఒప్పందం ఇలా కుదిరింది. బాకీ తీరేదాకా సైకిలు తిరిగి దుకాణానికి పోయి కిరాయికి తిరుగుతుంది, ఆ కిరాయి నా బాకీలో తీసేస్తాడు. వానలు పోయేదాకా నేను దుకాణంలో పంచర్లు వేయాలి. డిపో తెరిచాక నెలకు ఐదు రూపాయలు, పైన వడ్డీ లేదు. హమాలీలు చాయ్ తాగి ఉత్త చేతులతో వెళ్ళారు. వాళ్ళ కూలి కూడా నా బాకీలోనే కలిసింది.

నా సైకిలు మీద ఊరంతా తిరిగింది. జింగనూర్ నుంచి వచ్చిన ఫారెస్టు గార్డు తిరిగాడు, పిల్లను చూడబోయే కుర్రాడు తిరిగాడు, సైకిలు నేర్చుకుంటున్న ఒక పంతులుగారు దాన్ని తుమ్మకంపల్లోకి నడిపించి తెచ్చి, "ట్యూబులు మంచియి ఎయ్యవా నువ్వు?" అని నన్నే కోప్పడ్డారు. నేను ఎక్కాలన్నా కిరాయే. ఒకసారి కట్టి ఎక్కాను కూడా. గంట ఎవరో విరగ్గొట్టారు, లైటు వెలగడం మానేసింది. మరాఠీ మాత్రం బాగా వచ్చింది.

మళ్ళీ వానలు రాకముందే రెండు బాకీలూ తీరాయి. చివరి కిస్తు రోజున బావ కూడా వచ్చాడు. ఇక నీ జామీను లేదని సేటు ఆయనకు చేతులు జోడించి చెప్పాడు. ఇద్దరం సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వస్తున్నాం.

"నేను కట్టలేనని నీకెప్పుడు తెలిసింది బావా?" అని అడిగాను.

"నువ్వడిగిన్నాడే."

"మరి జామీనెందుకున్నవ్?"

"నీ యీడుల నేను గూడ గిట్లనే ఒకటడిగిన. ఎవ్వలు నిలవడలే."

"ఏమడిగినవ్?"

"అది యాదికి లేదు," అన్నాడు. "ఎవ్వలు నిలవడలేదన్నదే యాదికున్నది."

ఇప్పుడు బావ లేడు, అక్కా లేదు. మొన్న వాళ్ళ మనవడు మోటార్ సైకిలు లోనుకు నా సంతకం కావాలని వచ్చాడు. ఫోన్‌లో ఆ బండి ఫొటో చూపిస్తూ, నాకంటే ఎక్కువ తానే చూసుకుంటున్నాడు.

"వానకాలంల పనుంటదారా?" అని అడిగాను.

"ఉంటది తాతా," అన్నాడు నా ముఖం చూడకుండా.

ఉండదు. వాడు కట్టలేడు. అంకిస కౌలు డబ్బులోంచి నెలకు ఎంత పక్కన పెడితే సరిపోతుందో మనసులో వేసుకుంటుంటే నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాను.