మావాడు మందు తాగలేదని చెప్పిన డాక్టరమ్మ

పోయిన వారం మిరప చేలో కలుపు తీస్తుంటే మా తోడికోడలు వచ్చి డాక్టరమ్మ పోయిందని చెప్పింది. గుండెపోటట. "ఎవరో కాదక్కా, ఆ శవాలు కోసే ఆమె" అంది. చేతిలో కలుపు గట్టున పడేసి, "మావాడి డాక్టరమ్మ అను" అన్నాను.

కొన్నేళ్ళ కిందట మా అబ్బాయి పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. ఒళ్ళంతా పురుగుమందు వాసన. మా వైపు ఆ వాసనతో ఎవరు పోయినా ఇంకేమీ అడగరు, తాగాడనే అంటారు. వాడిని ఇంటికి తెచ్చేలోపే ఊరు తేల్చేసింది. ఎవరో పిల్ల కాదందన్నారు, తండ్రి తిట్టాడన్నారు. మా బావగారేమో పిల్లాడిని కోయించడం ఎందుకు, గుట్టుగా సాగనంపేద్దామన్నారు. నేను వాకిట్లో అడ్డంగా కూర్చున్నాను. సాయంత్రానికి పకోడీలు వెయ్యమని చెప్పి చేలోకి వెళ్ళిన పిల్లాడు వాడు. ఎందుకు పోయాడో తెలిసేదాకా పాడె కట్టనివ్వనన్నాను. పోలీసులకు కబురు పెట్టించాను.

గుంటూరు ఆసుపత్రిలో అప్పటికే అందరూ వాడిని బాడీ అంటున్నారు. డాక్టరమ్మ బయటికొచ్చి "మీ అబ్బాయి" అంది. ఏం తిన్నాడు, ఎప్పటి నుంచి మందు కొడుతున్నాడు, ఒంటిమీద చొక్కా ఏదని అడిగింది. కంపు కొడుతోందని మావాళ్ళు ఆ చొక్కా విప్పి పెంటమీద పడేశారు. దాన్ని వెతికించి తెప్పించింది. తాగాడా తల్లీ అని కాళ్ళ మీద పడబోతే పట్టుకుని లేపింది.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. మీ ఏడుపు చూసి తెలియనిది చెప్పకూడదు."

ఆ మాటకి అప్పుడు నాకు ఒళ్ళు మండింది.

ల్యాబు నుంచి కాయితాలు రావడానికి నెలలు పట్టింది. అన్నాళ్ళూ తాగినోడి తల్లిగానే ఊళ్ళో తిరిగాను. తర్వాత ఆమే పిలిపించి, కుర్చీ నా పక్కకి జరుపుకుని కూర్చుంది.

"తాగలేదమ్మా. కడుపులో మందు లేదు, మీరు కట్టిచ్చిన అన్నమే ఉంది. భుజాలకి తగిలించుకున్న మందు ట్యాంకు కారి వీపంతా తడిసింది. ఆ తడి చొక్కాతోనే పొద్దంతా కొట్టాడు. మందు చర్మంలోంచి ఒంట్లోకి దిగింది."

ఇంటికొచ్చి చెబితే మా బావగారు, పోయినవాడు ఎట్లా పోతే ఏముందమ్మాయ్ అన్నారు. ఆయన ముందు ఏనాడూ గొంతెత్తనిదాన్ని.

"ఉంది బావగారూ. వాడు నన్ను కాదనుకుని పోలేదు" అన్నాను.

అప్పటి నుంచి ఏటా కొత్త కారం కొట్టించి బ్రాడీపేటలో ఆమె ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. టీ తనే కాచేది. చేతులు తెగ కడిగి కడిగి పగిలిపోయేవి, మాట్లాడుతూనే కొబ్బరినూనె రాసుకునేది. ఇంత చదివి ఈ పని ఎందుకమ్మా అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా ఏం డాక్టరని అడిగి, చెప్పగానే కాఫీ గ్లాసు కింద పెట్టేసేవాళ్ళని నవ్వింది.

"బతికున్నవాళ్ళకి బోలెడుమంది డాక్టర్లమ్మా. మీవాడికి నేనొక్కదాన్నే" అంది.

ఇంకో మాట కూడా అనేది. తన దగ్గరికి వచ్చాక కారణం మాత్రమే చెప్పగలదట, రాకుండా చూసుకోవడం ఊళ్ళో ఉన్న మా పనట.

ఆమెని సాగనంపడానికి వెళ్ళాను. పిలవకుండా ఎందుకన్నారు మావాళ్ళు. చావుకి ఎవరు పిలుస్తారు? అక్కడ ఎవరో మీరేమవుతారని అడిగితే, మా అబ్బాయికి డాక్టరు అన్నాను. ఇప్పుడు అబ్బాయికి బాగుందా అని అడిగారు. ఆమె మాకు చేసిన మేలు అంతా అక్కడ నిలబడే చెప్పాను.

మొన్న మా పక్క చేలో కుర్రాళ్ళు మందు కొట్టారు. సబ్బు పట్టుకెళ్ళి బోరు దగ్గర నిలబడ్డాను. చొక్కాలు విప్పించి తొట్టిలో వేయించాను. పెళ్ళాం కంటే నీ పోరు ఎక్కువైంది పిన్నీ అని ఒకడు విసుక్కున్నాడు.

"వీపు తిప్పరా" అన్నాను.

తిప్పాడు. వాడి వెనక మిగతావాళ్ళూ వచ్చి నిలబడ్డారు. సాయంత్రపు ఎండలో బోరు నీళ్ళు ఆ వీపుల మీంచి జారుతున్నాయి.