ఫెయిల్ చేయమన్న తండ్రి

నాకు ముక్కు మీద కోపమని మా ఆవిడ అంటుంది. కాదనను. కానీ ఈ సంగతి విన్నాక కూడా నాకు కోపం రావడం తప్పంటే, ఆ మనిషితో నాకు మాటల్లేవు.

కెనడాలో, కిచెనర్‌కి దగ్గర్లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో నా ఉద్యోగం. వారంలో రెండు సాయంత్రాలూ, శనివారాలూ ఒక కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ నేర్పుతాను. పార్ట్ టైమ్ కాబట్టి నాకక్కడ గదీ లేదు, టేబులూ లేదు. పిల్లలు ఏదైనా అడగాలంటే పార్కింగ్ లాట్‌లో నా కారు దగ్గరికి వస్తారు. మనవాళ్ళ ఇళ్ళకు భోజనాలకు వెళ్ళినప్పుడు మా ఆవిడ "ఈయన కాలేజీలో చెప్తారు" అని అంతటితో ఆపేస్తుంది. ఏ సబ్జెక్టండీ అని ఎవరో ఒకరు అడుగుతారు. వెల్డింగ్ అంటాను. "ఓ, నైస్" అని, పక్కాయన వైపు తిరిగి స్నో టైర్ల గురించి మొదలుపెడతారు. అలవాటైపోయిందని చెప్పుకుంటాను గానీ, ప్రతిసారీ ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

పోయిన వింటర్ టర్మ్‌లో నా క్లాసులో ఒక తెలుగమ్మాయి చేరింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సగంలో వదిలేసి వచ్చింది. మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్తుంది. మొదట్లో రాడ్డు ప్లేటుకి అంటించడమే గానీ నడిపించడం చేతనయ్యేది కాదు. అంటుకుపోయిన రాడ్డును లాగలేక, హెల్మెట్ లోపల తనను తాను తిట్టుకోవడం పక్క బూత్‌కి వినిపించేది. కానీ మొండిది. అతుకు నచ్చకపోతే గ్రైండర్ పెట్టి మొత్తం చెక్కేసి మళ్ళీ మొదలుపెట్టేది. అలాంటివాళ్ళకే ఈ పని అబ్బుతుంది. మార్చి వచ్చేసరికి ఆమె చెయ్యి కుదిరింది. నాకు సంబరంగా ఉండేది, ఎందుకు దాచుకోవాలి?

చివరి పరీక్షకి ముందు వారం, క్లాసు అయ్యాక బయటికి వస్తే, నా కారు పక్కన ఒకాయన స్వీట్ బాక్స్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి తండ్రినని చెప్పుకున్నాడు. ఏదో కంపెనీలో బాయిలర్లు డిజైన్ చేసే ఇంజనీరట.

"మీదెక్కడండీ?" అన్నాడు.

"అనకాపల్లి."

"అయ్యో, మా మిసెస్ వాళ్ళది చోడవరం. అయితే మీరు మా వాళ్ళేనండీ."

చోడవరం వచ్చిందంటే వెనకాలే ఏదో పని ఉంటుందని నాకు తెలుసు. కూతుర్ని పాస్ చేయమంటాడు, కుదరదని మర్యాదగా చెప్పి పంపేద్దామనుకున్నాను.

"మా అమ్మాయిని మీరు ఫెయిల్ చెయ్యాలండీ" అన్నాడు.

సరిగ్గా విన్నానో లేదో తెలియలేదు. ఆయనే వివరంగా చెప్పుకొచ్చాడు. తండ్రీ కూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉందట. ఈ కోర్సు పాసైతే ఆమె అప్రెంటిస్‌గా చేరొచ్చు, ఆయన అడ్డం చెప్పడు. పాస్ కాకపోతే సెప్టెంబర్‌లో మళ్ళీ యూనివర్సిటీకి వెళ్ళాలి.

"అది మాట మీద నిలబడే పిల్లండీ. ఫెయిలైతే నోరెత్తకుండా వెళ్ళిపోద్ది."

"పరీక్ష ప్లేటును ముక్కలుగా కోసి మెషిన్‌లో పెట్టి వంచుతామండీ. అతుకు పగిలితే ఫెయిల్, పగలకపోతే పాస్. మధ్యలో నా చేతిలో ఏముంది?"

"మీరు తల్చుకుంటే ఏదో ఒకటి చూపించొచ్చు. దాని మంచికే కదా. అయినా మీది పార్ట్ టైమే, మిమ్మల్ని ఎవరడుగుతారు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. పార్ట్ టైమ్ అయితే నీతి కూడా పార్ట్ టైమేనా? ఈయన ఇన్నేళ్ళుగా గీసిన బాయిలర్లు కాగితం మీదే ఉడుకుతున్నాయా? ఆయన గీసిన ప్రతి జాయింటునూ ఎవరో ఒకరు హెల్మెట్ కింద చెమటలు కక్కుతూ అతికించి ఉంటారు కదా. అది పరాయివాళ్ళ పిల్లలు చేస్తే పని, తన కూతురు చేస్తే పరువు తక్కువ. స్వీట్ బాక్స్ ఆయన చేతిలోనే ఉంచి, "మీ అమ్మాయి పని ఎలా ఉంటే మార్కు అలా ఉంటుంది" అని కారెక్కాను. ఆమెకు మాత్రం ఈ ముక్క చెప్పలేదు. పరీక్ష ముందు పెట్టుకుని కన్నతండ్రి గురించి అలాంటి మాట ఏ నోటితో చెప్పను?

పరీక్ష రోజు ఆమె ప్లేటు పూర్తి చేసి, కాఫీ షాపులో షిఫ్ట్ ఉందని పరుగెత్తింది. ముక్కలు కోసి వంచడం నేనొక్కణ్ణే చేశాను. అందరివీ అయ్యాక ఆమెవి పెట్టాను. మొదటి ముక్క చక్కగా వంగింది. రెండోదీ వంగింది. మూడోది వంగుతూ వంగుతూ నోరు తెరిచింది. ప్రాణం ఉసూరుమంది. కొలిచి చూశాను. వదిలేయదగ్గ పగులు కాదు. ఏడుపొక్కటే తక్కువ. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒక్కసారే జరగాలా? ఫెయిల్ అని రాశాను. ఇంకేం రాయను?

ఆదివారం రిజల్ట్ చూసుకున్నట్టున్నారు. తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా నంబర్ పట్టుకుని ఆయన ఫోన్ చేశాడు.

"చాలా థాంక్సండీ. మీ మేలు మర్చిపోను."

"నేనేం మేలు చెయ్యలేదు. ఆ ముక్క నిజంగానే పగిలింది."

"అలాగే, అలాగే. నాకర్థమైందిలెండి" అని నవ్వాడు.

ఆ నవ్వు విన్నప్పుడు పడ్డ అవమానం నేను నా సర్వీసులో ఎప్పుడూ పడలేదు. ఉన్నది ఉన్నట్టు రాసిన మార్కును పట్టుకుని ఈ పెద్దమనిషి లంచం పుచ్చుకున్న మార్కులా చేసేశాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మంగళవారం ఆ అమ్మాయి క్లాసు మొదలవకముందే వచ్చింది. తండ్రి ఫోన్‌లో నాకు థాంక్స్ చెప్పడం పక్క గదిలోంచి విందట. ఆయన చెప్పాడని ఫెయిల్ చేశారా అని ఇంగ్లీషులో సూటిగా అడిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను ఒట్లు పెట్టుకోలేదు. పగిలిన ముక్క తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాను. కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది. పగుల్లో గోరు పెట్టి గీకితే నల్లటి పొడి రాలింది. అది స్లాగ్. ఒక వరస అతుకు వేశాక పైన గాజులా పెంకు కడుతుంది. దాన్ని కొట్టి, శుభ్రంగా బ్రష్ చేశాకే రెండో వరస వేయాలి, లేకపోతే లోపలే ఉండిపోయి వంచినప్పుడు బయటపడుతుంది. ఈ మాట నేను ఆ క్లాసులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను.

"షిఫ్ట్‌కి లేటవుతుందని తొందరపడ్డా" అంది. "ఇది నాదే."

రీటెస్ట్ ఒక్కసారి ఇవ్వొచ్చని కాలేజీ రూలు. "ఈసారి ఇంకో ఇన్‌స్ట్రక్టర్ చూస్తాడమ్మా. ఆయన తెలుగువాడు కాదు, మీ నాన్నగారు ఆయన్ని అడగలేరు. ఎవరికీ అనుమానం ఉండదు" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల నాతో అంత పొడుగు తెలుగు మాట్లాడడం అదే మొదలు.

"వద్దు సర్. ఆయన పాస్ చేస్తే, తెలీక వదిలేశాడంటాడు నాన్న. ఫెయిల్ చెయ్యమని అడిగింది మిమ్మల్ని కదా. మీరే టెస్ట్ చెయ్యండి. అప్పుడేమంటాడు?"

గురువారం సాయంత్రం మళ్ళీ ప్లేటు వేసింది. వరస వరసకూ పెంకు కొట్టి, బ్రష్ చేసి, హెల్మెట్ ఎత్తి చూసుకుంటూ నింపాదిగా చేసింది. షిఫ్ట్ మార్పించుకుని వచ్చిందట. ఈసారి మెషిన్ పక్కనే నిలబెట్టి, ఆమె కళ్ళముందే ఒక్కొక్క ముక్కా వంచాను. టార్చి వేసి చూశాను, వేలితో తడిమి చూశాను. తర్వాత షీటు మీద పాస్ అని రాసి సంతకం పెట్టాను.

ఆమె తండ్రికి ఫోన్ కలిపి, "మీరే చెప్పండి" అని నా చేతికిచ్చింది.

"మీ అమ్మాయి పాసైందండీ" అన్నాను.



"అదేంటండీ, నేను మీకు ముందే చెప్పాను కదా..."

"గుర్తుందండీ. అందుకే పగులు కోసం మామూలు కంటే ఎక్కువసేపు వెతికాను. దొరకలేదు."