దిండు పెట్టని ఆరు రోజులు

తలుపుల ఫ్యాక్టరీలో పాలిష్ గది మేస్త్రీకి ఉన్న అనుమానం అంతా ఇంతా కాదు. టీ ఇస్తే ముందు వాసన చూస్తాడు, తర్వాత ఇచ్చినవాడి ముఖం చూస్తాడు, రెండూ నచ్చితే తాగుతాడు. అప్పటికి టీ చల్లారిపోయి ఉంటుంది కాబట్టి, చల్లారిన టీ ఎందుకిచ్చారా అని మళ్ళీ మొదలు. తన పెళ్ళి ఫోటోలో వెనక నిలబడ్డ బట్టతలవాడు ఎవరో ఈనాటికీ తేలలేదని, ఆ ఫోటోను గోడకు తగిలించనివ్వలేదు. ఒకసారి గోడగడియారం, చేతిగడియారం రెండూ ఒకే టైము చూపిస్తుంటే, ఇవి రెండూ కూడబలుక్కున్నాయి అన్నాడట. ఆ మాట తన చెవులతో విన్నానని ఆయన తోడల్లుడు ఒట్టు వేస్తాడు గానీ, తోడల్లుడి ఒట్లకు ఆ ఫ్యాక్టరీలో అంత గిరాకీ లేదు.

ఆ తోడల్లుడిది కోత విభాగం. చెక్క ముందు అతని మిషను కిందికి వెళ్తుంది, అక్కణ్ణుంచి బిగింపు హాలుకు, చిట్టచివర పాలిష్ గదికి. చివర ఉన్నవాడికి తిప్పలు ఎక్కువ. ముందువాళ్ళ ఆలస్యమంతా మోసుకొచ్చి వాడి నెత్తిన దించుతారు. లారీ మాత్రం చెప్పిన రోజుకే గేటు దగ్గర హారన్ కొడుతుంది.

అందుకని ఆ ఫ్యాక్టరీలో దిండు పెట్టుకునే పద్ధతి పుట్టింది. మూడు రోజుల పనికి అయిదు రోజులు పడుతుందని చెప్పాలి. పైన కలిపిన ఆ రెండు రోజులే దిండు, వెనక్కి పడ్డా తలకు దెబ్బ తగలకుండా. కోతవాళ్ళ దిండు పలచన, బిగింపువాళ్ళది ఓ మాదిరి. మేస్త్రీ దిండు మీద మాత్రం నలుగురు పడుకుని కాళ్ళు బారజాపుకోవచ్చు. పాత మేనేజరుకు ఈ సంగతంతా తెలుసు. ఎవరేం చెప్పినా తలూపేవాడు, మనసులో సగానికి సగం కోసేసేవాడు, కొన్నవాళ్ళకు తనకు తోచిన తేదీ చెప్పేవాడు. అందరూ అబద్ధమే చెప్పేవాళ్ళు, అది అబద్ధమని అందరికీ తెలుసు, తలుపులు మాత్రం వేళకు గేటు దాటేవి. అంత నిజాయితీగా నడిచిన అబద్ధాన్ని లోకంలో ఇంకెక్కడా చూడలేం.

పాత మేనేజరు రిటైరయ్యాక ప్లానింగ్ మేడం వచ్చింది. వస్తూనే ఆఫీసు గోడ నిండా ఓ తెల్లబోర్డు బిగించింది. దాని మీద రోజుకో గడి. కోతకు ఎర్ర అట్టముక్క, బిగింపుకు నీలం, పాలిష్‌కు ఆకుపచ్చ. ఎవరి పని ఎన్ని రోజులో అంత పొడుగు అట్టముక్క. తర్వాత అందరినీ పిలిచి, "ఇకనుంచి నాకు నిజమైన రోజులు చెప్పండి. నిజం చెప్పినందుకు ఎవరికీ నష్టం రాదు," అంది.

ఈ చివరి మాట దగ్గరే మేస్త్రీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. నష్టం మాట ఎవరెత్తారు ఇప్పుడు? ఎత్తిందంటే ఉందన్నమాటే.

ఆయన అనుమానానికి ఈసారి కాస్త కాళ్ళూ చేతులూ కూడా ఉన్నాయి. ఫ్యాక్టరీ యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆ పెద్దాయన కొంతకాలంగా, పాలిష్ పని బయటివాళ్ళకిచ్చేసి ఆ గదిని గోడౌన్ చేస్తే ఎలా ఉంటుందని ఒకరిద్దరి దగ్గర అన్నాడు. గది పోతే మేస్త్రీ పోతాడు. ఆయన చెయ్యి పట్టుకుని నేర్పిన ఏడుగురూ పోతారు. యాభై దాటి, వార్నిష్ వాసనకు గొంతు గరగరలాడే మనిషిని కొత్తగా ఎవరు పిలిచి పీట వేస్తారు?

ఆ వారమంతా మేస్త్రీ బ్రష్షు ఒక చేత్తో, నిఘా ఇంకో చేత్తో నడిపాడు. మేడం పాలిష్ గదిలోకి వచ్చి గోడలు చూసింది. గోడలెందుకు చూడాలి? కిటికీ తెరిచి చెయ్యి బయటపెట్టింది. ఎవరికి సైగ? మర్నాడు వ్యానులో ఓ మనిషి దిగాడు. టేపు తీసి గది పొడుగూ వెడల్పూ కొలిచి, మేడంతో గుసగుసలాడి వెళ్ళిపోయాడు. అంతే, మేస్త్రీ కళ్ళ ముందు గోడౌన్ కట్టడం అయిపోయింది, అందులో బస్తాలు కూడా పేర్చేశారు.

"కొలతలు తీశారే," అన్నాడు ఇంటికొచ్చి, చెప్పులన్నా విప్పకుండా.

భార్య కుట్టుమిషను ఆపలేదు. "మీ కొలతలా? చొక్కా కుట్టిస్తారేమో."

"గది కొలతలు. నన్ను ఖాళీ చేయించడానికి."

"ఆవిడ మిమ్మల్ని ఏమడిగిందో అది చెప్పండి ముందు."

"ఎన్ని రోజులు పడుతుందని."

"చెప్పండి మరి. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి మీకేం జబ్బు?"

"ఉన్నది చెప్తే, ఇంతకాలం లేనిది చెప్పావా అంటుంది. లేనిది చెప్తే, దొరికావు అంటుంది."

"మీ అనుమానానికి ఓ పూట సెలవియ్యండి. పాపం, మీకంటే అదే ఎక్కువ కష్టపడుతోంది. మా మరిది చూడండి, ఉన్నదున్నట్టు చెప్పేశాట్ట. చెల్లెలు ఫోన్ చేసింది."

తోడల్లుడు నిజం చెప్పాడంటే అది ఇంకా పెద్ద అనుమానం. మర్నాడు కోత మిషను దగ్గర పట్టుకున్నాడు.

"ఏం చెప్పావురా మేడంకి?"

"ఉన్నదే చెప్పాను అన్నయ్యా. దిండు తీసేశా. మెడ నొప్పి తగ్గింది."

"నా గురించి ఏమన్నా అన్నావా?"

"నీ గురించి చెప్పడానికి ఏముంది అన్నయ్యా, ఊరందరికీ తెలిసిందేగా," అని తోడల్లుడు మిషను ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఇంకేదో అన్నాడు. నవ్వాడు కూడా.

మేస్త్రీ మధ్యాహ్నం దాకా ఆలోచించాడు. ఆ ఆలోచన తిరిగిన తిరుగుడుకు చదరంగం ఆడేవాళ్ళు కూడా కళ్ళు తిరిగి పడిపోతారు. మేడం నేను అబద్ధం చెప్తానని కాచుకుని కూర్చుంది. అబద్ధం చెప్తే ఆవిడ చేతికి చిక్కినట్టే. కాబట్టి ఆవిడ కలలో కూడా ఊహించని ఎత్తు ఒక్కటే ఉంది. నిజం చెప్పెయ్యడం. జన్మలో మొదటిసారి నిజం చెప్పాలని ఆయనకు బుద్ధి పుట్టింది మంచితనంతో కాదు, ఎదుటివాళ్ళ మీద నమ్మకం బొత్తిగా లేక.

అదే సమయానికి ఓ లాడ్జీకి గది తలుపులు చెయ్యాలని ఆర్డరు వచ్చింది. మేడం అడిగింది, "పాలిష్‌కి ఎన్ని రోజులు మేస్త్రీ గారూ?"

"ఆరు," అన్నాడు. చెక్క రంధ్రాలు పూడ్చే సీలరు పూసి, గరుకు కాగితంతో రుద్ది, మీద రెండు పూతలు వేసి, ముసురు రోజుల్లో ఒక్కో పూత ఆరనివ్వాలంటే పట్టేది సరిగ్గా ఆరే. దిండు కాదు కదా, కింద చాప కూడా లేదు.

మేడం ఆయన ముఖంలోకి చూసి చిన్నగా నవ్వింది. "సరే," అంది.

సాయంత్రం బోర్డు మీద ఆకుపచ్చ అట్టముక్క మూడు గడుల పొడుగే ఉంది.

మేస్త్రీ రెండుసార్లు లెక్కపెట్టాడు. సగం కోసేసింది. లోపలికెళ్ళి అడుగుదామని తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఇదీ పన్నాగమే. నేను వెళ్ళి గొడవ పెట్టుకోవాలి, ఈ మేస్త్రీతో పడలేమని ఆవిడ పెద్దాయనకు చెప్పాలి. నేను పెట్టుకోను. అలా నోటికి తాళం వేసుకుని, ఏదో గెలిచినవాడిలా ఇంటికి పోయాడు.

తలుపులు పాలిష్ గదికి చేరిన మూడో రోజు లారీ వచ్చింది. బయట సన్నగా జల్లు. మేస్త్రీ వేళ్ళ వెనక వైపుతో తలుపును తాకాడు. ముందు వైపుతో తాకితే ముద్ర పడుతుంది. చల్లగా, కాస్త జిగటగా తగిలింది.

"ఇంకా చల్లగా ఉన్నాయి మేడం. ఆరలేదు."

"మీ సంగతి నాకు చెప్పారులెండి మేస్త్రీ గారూ," అంది మేడం, కోపం లేకుండానే. "ఇంకో మూడు రోజులు ఆగినా మీకు చల్లగానే ఉంటాయట."

చెప్పారట. ఎవరు చెప్పారో మేస్త్రీకి తెలిసిపోయింది. మిషను చప్పుడులో కలిసిపోయిన తోడల్లుడి నవ్వు ఇప్పుడు స్పష్టంగా వినిపించింది. తలుపులకు పాత న్యూస్‌పేపర్లు చుట్టి, తాళ్ళు బిగించి, లారీ ఎక్కించారు.

ఆ తలుపులు లాడ్జీకి చేరి, పేపర్లు విప్పాక జరిగిన సంగతి విన్నవాళ్ళు విన్నట్టు చెప్తారు. పేపరు ఊడి రాలేదు, ఊడినచోట అచ్చు ఊడలేదు. ఒక తలుపు మీద వాతావరణ సూచన, ఒకదాని మీద సగం క్రికెట్ స్కోరు. మేనేజరు గది తలుపు మీద మాత్రం నిలువునా, అద్దంలో చూస్తే చదవగలిగేలా, "గది అద్దెకు ఇవ్వబడును" అని పడిందట. లాడ్జీకి అంతకంటే మంచి తలుపు దొరకదని లారీ డ్రైవరు అన్నాడు గానీ, లాడ్జీవాళ్ళు నవ్వలేదు. తలుపులన్నీ తిరిగొచ్చాయి.

పెద్దాయన అందర్నీ బోర్డు ముందుకు పిలిచాడు.

"మూడు రోజుల్లో అవుతుందన్నదెవరు?"

మేస్త్రీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇక్కడే ఇరికిస్తుంది నన్ను, అనుకున్నాడు. తను ఆరు అన్నప్పుడు చుట్టూ సాక్షి ఒక్కడూ లేడు. జీవితమంతా అబద్ధాలకు సాక్షులుండి, ఒక్క నిజానికి లేకపోవడం చూస్తే దేవుడి మీద కూడా అనుమానం వచ్చింది.

"మేస్త్రీ గారు ఆరు అన్నారు," అంది మేడం. "నేనే సగం తీసేశాను. ఆయన ఎప్పుడూ రెట్టింపు చెప్తారని విన్నాను. ఆరలేదని లారీ దగ్గర కూడా చెప్పారు. వినలేదు."

తోడల్లుడు తన చెప్పుల్ని శ్రద్ధగా చూసుకున్నాడు.

"ఏవయ్యా," పెద్దాయన మేస్త్రీ వైపు తిరిగాడు, "బోర్డు మీద మూడే ఉంటే అడగలేదేం?"

దీనికి మేస్త్రీ దగ్గర ఉన్న జవాబు పైకి చెప్పేది కాదు. "అడగాల్సిందండీ," అన్నాడు.

"ఇదంతా ఎందుకు? బయట ఇచ్చేస్తే గొడవుండదు కదా."

"బయటివాళ్ళకీ ముసురే కదండీ," అంది మేడం. "నాకు మొన్న కిటికీలోంచే చెమ్మ తెలిసింది. గదికి వేడిగాలి ఫ్యాన్ పెట్టడానికి మనిషిని పిలిపించి కొలతలు కూడా తీయించాను. ఒక్క ఆర్డరు చూడండి."

మేస్త్రీ కళ్ళ ముందు కట్టిన గోడౌన్, బస్తాలతో సహా, చప్పుడు లేకుండా కూలిపోయింది. వెంటనే ఇంకో అనుమానం లేచి నిలబడింది. ఈవిడ నన్నెందుకు కాపాడుతోంది?

"ఒక్క ఆర్డరు," అన్నాడు పెద్దాయన. "అదీ తప్పితే గదికి తాళమే."

అందరూ కదులుతుంటే తోడల్లుడు పక్కకు చేరాడు. "అన్నయ్యా, నేనేదో సరదాకి..."

"తెలుసులేరా. నా గురించి చెప్పడానికి ఏముంది, ఊరందరికీ తెలిసిందేగా."

తిరిగొచ్చిన తలుపులన్నీ గీకి మళ్ళీ పూయాలి. ముందు పాత పూత తీయడానికే సమయం పడుతుంది. మేడం అట్టముక్క, కత్తెర పట్టుకుని అడిగింది, "ఎన్ని రోజులు?"

మేస్త్రీ కత్తెర వైపు చూశాడు. "తొమ్మిది."

ఆవిడ తొమ్మిది గడులు కొలిచింది.

"పది చెయ్యండి."

కత్తెర ఆగింది. "పదోది ఎందుకు?"

"అది దిండు," అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఆఫీసు గదిలో పైకి అనడం ఫ్యాక్టరీ చరిత్రలో అదే మొదలు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

మేడం తొమ్మిది గడులకు ఆకుపచ్చ ముక్క పెట్టి, దాని పక్కన ఓ తెల్ల ముక్క అంటించింది. దాని మీద అందరికీ కనబడేలా "దిండు" అని రాసింది. "ఇది కోసే పని నాకు లేదు. దాచుకునే పని మీకూ లేదు."

జల్లు తగ్గలేదు. ఫ్యాన్ రావడం ఆలస్యమైంది. ఆకుపచ్చ గడులన్నీ అయిపోయి తెల్లగడి కూడా ఖర్చయింది. పదో రోజున మేస్త్రీ వేళ్ళ వెనక వైపుతో ఒక్కో తలుపూ తాకి, లారీ వైపు తలూపాడు. ఈసారి పేపర్లు శుభ్రంగా ఊడొచ్చాయని లాడ్జీ నుంచి కబురొచ్చింది. గదికి తాళం పడలేదు. తర్వాతి ఆర్డరుకు కోతవాళ్ళు కూడా సిగ్గు విడిచి ఓ తెల్ల ముక్క అడిగి పెట్టించుకున్నారు.

ఆ రోజు భోజనాల వేళ అందరూ బయటికెళ్ళాక, మేస్త్రీ ఒక్కడే బోర్డు దగ్గరికి వచ్చాడు. తన ఆకుపచ్చ ముక్క గడులు వేలితో లెక్కపెట్టాడు. చెప్పినన్నీ ఉన్నాయి. అటూ ఇటూ చూసి, తన తెల్ల ముక్కను మెల్లగా పీకి వెనక్కి తిప్పి చూశాడు.

వెనక ఏమీ రాసిలేదు.

వెలుతురుకు ఎత్తిపట్టి మరోసారి చూసి, ఉన్నచోటే అంటించాడు.